నేర డాక్యుమెంటరీకి అసలు దృశ్యాలే వెన్నెముక: విజయవాడ, గుంటూరు దర్శకుల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

విజయవాడలో, గుంటూరులో నిజంగా జరిగిన నేరాల మీద డాక్యుమెంటరీలు తీయాలని ముందుకొచ్చే యువతీయువకుల సంఖ్య పెరుగుతోంది. వారిలో ఎక్కువమంది ఏ కెమెరా కొనాలి, పాత్రలకు నటులను ఎక్కడ వెతకాలి, వ్యాఖ్యానానికి ఎవరి గొంతు బాగుంటుంది అని నన్ను అడుగుతారు. నేను వారిని తిరిగి అడిగేది ఒక్కటే: ఆ కేసుకు సంబంధించిన అసలు దృశ్యాలు ఎన్ని గంటలున్నాయి, అవి ఎవరి దగ్గర ఉన్నాయి? ఈ ప్రశ్నకు జవాబు దొరికే దాకా స్క్రిప్టులో ఒక్క వాక్యం కూడా రాయవద్దని నా మనవి. అసలు ఫుటేజీ సమృద్ధిగా ఉన్నప్పుడు దర్శకుడు తన ఊహను ఆ దృశ్యాల ముందు పెట్టి సరిచూసుకోవలసి వస్తుంది. ఫుటేజీ లేనప్పుడు ఆ ఊహే నిజంగా చెలామణి అవుతుంది.

అమెరికాలోని కొలరాడోలో 2018లో జరిగిన ఒక కుటుంబ హత్యల కేసు మీద 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో కొత్తగా తీసిన ఇంటర్వ్యూలు లేవు, వ్యాఖ్యాత లేడు. పోలీసుల శరీర కెమెరాలు, ఇంట్లో తీసుకున్న వీడియోలు, ఫోను సందేశాలు, విచారణ గది రికార్డింగులే మొత్తం కథను నడిపాయి. భార్యాబిడ్డలు కనిపించడం లేదని చెప్పిన భర్త పక్కింటి హాలులో నిలబడి, ఆ ఇంటి కెమెరా పట్టిన తన వాహనాన్ని టీవీలో చూస్తూ చేతులు తలమీద పెట్టుకుంటాడు. అతను బయటికి వెళ్లాక, ఇతని తీరు సరిగా లేదని పొరుగాయన పోలీసుతో అంటాడు. అప్పటికి ఆ గదిలో ఎవరికీ ఏం జరిగిందో తెలియదు. ఆ తెలియకపోవడం అలాగే రికార్డయింది కాబట్టే ఆ దృశ్యానికి అంత బలం. అదే ఘట్టాన్ని నటులతో తీస్తే ప్రతి ముఖమూ ముగింపు తెలిసిన ముఖమే అవుతుంది.

నాకు ఈ విషయం మన ఊళ్లోనే ఒక మినీ డీవీ టేపు, అంటే చిన్న డిజిటల్ వీడియో టేపు, నేర్పింది. చాలా ఏళ్ల క్రితం లోకల్ కేబుల్ ఛానలుకు కంట్రిబ్యూటరుగా పనిచేసిన ఒక పెద్దాయన తన రషెస్, అంటే కత్తిరించని ముడి దృశ్యాలు, పారేయకుండా బీరువా అడుగున దాచుకున్నారు. ఒక హత్య జరిగిన చోట ఆయన నలభై నిమిషాలు చిత్రీకరిస్తే, వార్తల్లో ప్రసారమైనది ఇరవై సెకన్లు. మిగిలిన టేపును మేమిద్దరం ఆయన ఇంటి మంచం మీద కూర్చుని చూశాం. ఆరో నిమిషంలో, తాడు కట్టక ముందు, గుంపులోంచి ముందుకు తోసుకొచ్చిన ఒకతని కాలు తగిలి నేలమీది రబ్బరు చెప్పు మూరెడు దూరం జరిగింది. ఎవరూ గమనించలేదు, కెమెరా పట్టుకున్న ఆయన కూడా గమనించలేదు. తర్వాత రాసిన మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) ఆ చెప్పు జరిగిన తర్వాతి చోటులోనే నమోదైంది. దాని వల్ల తీర్పు మారిందని నేను అనడం లేదు, మారలేదు కూడా. కానీ ఆ చెప్పు స్థానం ఆధారంగా ‘పెనుగులాట ఇక్కడ జరిగింది’ అంటూ మేం అప్పటికే రాసుకున్న పేరా మొత్తం ఆ రోజు కొట్టేయవలసి వచ్చింది. ఇరవై సెకన్ల ముక్క మాత్రమే మా దగ్గర ఉండి ఉంటే ఆ తప్పుతోనే సినిమా బయటికి వెళ్లేది.

మొదటి అడుగు: కేసును ఎంచుకోవడం

ప్రతి సంచలన కేసూ డాక్యుమెంటరీకి పనికిరాదు. కోర్టులో కేసు ఏ దశలో ఉంది, అసలు దృశ్యం ఎంత మిగిలింది అనే రెండింటినీ కలిపి చూసుకోవాలి.

విచారణ నడుస్తున్న కేసును ముట్టుకోకపోవడమే మేలు. విజయవాడ శివారులో 2007లో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసును గుర్తు తెచ్చుకోండి. 2010లో కింది కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది, 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. 2010లో ఎవరైనా ఆవేశంగా డాక్యుమెంటరీ తీసి ఉంటే, అది ఒక నిర్దోషిని జీవితాంతం వెంటాడే ముద్ర అయ్యేది. అందుకే అప్పీళ్లు ముగిసిన కేసులనే ముందు చూడండి. ముగియని కేసే తీయాలనుకుంటే ఎవరు దోషి అన్న ప్రశ్న జోలికి వెళ్లకుండా, దర్యాప్తు ఎలా సాగింది అన్న దానికే పరిమితం కండి. విచారణలో ఉన్న కేసు మీద ప్రభావం చూపే ప్రచురణకు 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం వర్తిస్తుందని కూడా మరువకండి.

పాత కేసులకు దృశ్యం తక్కువ. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సును తగలబెట్టిన ఘటనలో 23 మంది ప్రాణాలు కోల్పోయారు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కేసు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఇలాంటి కేసులకు వీధి కెమెరాలు, చేతిలో ఫోన్లు లేవు. ఉన్నవి ఫోటోలు, పత్రికా కత్తిరింపులు, వందల పేజీల కోర్టు రికార్డు, బతికి ఉన్నవారి జ్ఞాపకం. అలాంటి చోట లేని ఫుటేజీని నటనతో పూడ్చే బదులు, ఆ పత్రాలనే తెరమీద నిదానంగా చదివించే రూపం ఎంచుకోండి. అప్పటి మనుషులు నిలబడిన చోటులోనే, అదే వెలుగులో, ఈనాటి ఊరిని తీసి పత్రం పక్కన పెట్టినా అది నిజాయితీ గల పనే. కాకపోతే అది ఈనాటి దృశ్యమని తెరమీద రాయాలి.

రెండో అడుగు: దృశ్యాల కంటే ముందు కాగితాలు

ఫుటేజీ వేటకు బయలుదేరే ముందు కేసు కాగితాలు చదవండి, ఎందుకంటే ఏ వీడియో ఎక్కడుందో కాగితాలే చెబుతాయి. సున్నితమైనవి కాని ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. తీర్పులు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో దొరుకుతాయి, 2019 జనవరి 1న ఏర్పడిన రాష్ట్ర హైకోర్టు ఇప్పుడు అమరావతిలోని నేలపాడులో పనిచేస్తోంది. తీర్పు చివర ఉండే జాబితాలను, అంటే సాక్షుల వరసను, ‘ఎగ్జిబిట్ పి’ పేరుతో గుర్తించిన పత్రాలను, ‘ఎం.ఓ.’ పేరుతో గుర్తించిన వస్తువులను మూడుసార్లు చదవండి. సీడీ, పెన్ డ్రైవ్, డీవీఆర్ (సీసీ కెమెరా దృశ్యాలను నమోదు చేసే పెట్టె) వంటి మాటలు అక్కడే తగులుతాయి, వాటిని ఎవరి దగ్గర స్వాధీనం చేసుకున్నారో, ఎవరు చిత్రీకరించారో కూడా అక్కడే తెలుస్తుంది. కేసులో భాగం కాని మూడో వ్యక్తి నకళ్ల కోసం కారణం చూపుతూ కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి, న్యాయవాది సాయం తీసుకోండి.

పోలీసుల దగ్గర ఉన్న సమాచారానికి సమాచార హక్కు చట్టం ఒక దారి, జవాబుకు గడువు 30 రోజులు. దర్యాప్తుకు ఆటంకమన్న కారణంతో ఆ చట్టం 8(1)(హెచ్) సెక్షన్ కింద నిరాకరణ రావచ్చు. దర్యాప్తు సాగుతోందని చెబితే చాలదని, అది ఎలా ఆటంకమవుతుందో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పింది కాబట్టి, మొదటి నిరాకరణతోనే ఆగిపోకుండా అప్పీలు చేయండి. ఇకముందు కేసుల్లో దృశ్యం ఇంకా పెరుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదాను, వస్తువుల స్వాధీనాన్ని ఆడియో వీడియోగా రికార్డు చేయవలసిందే.

మూడో అడుగు: ఫుటేజీ ఎవరి ఇంట్లో ఉంటుంది

మన జిల్లాల్లో నేరస్థలాన్ని చిత్రీకరించిన వాళ్లు చాలాసార్లు పోలీసు ఉద్యోగులు కారు. స్టేషనుకు దగ్గర్లో ఫోటో స్టూడియో నడుపుకునే వ్యక్తిని పిలిపించి, శవపంచనామా దగ్గర వీడియో తీయించడం ఏళ్లుగా ఉన్న అలవాటు. పెళ్లిళ్లు తీసే అదే చెయ్యి, అదే కెమెరా. ఆ కాపీని ఆయన అమ్మకూడదు, మీరు కొనకూడదు. అది కేసు ఆస్తి, కోర్టు అనుమతితోనే తెరమీదికి రావాలి. కానీ ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఎన్ని గంటలకు వెళ్లారు, ముందు ఏం తీశారు, ఎవరు ఏం తీయమన్నారు, ఎంతసేపు తీశారు అనేవి ఆయన కళ్లతో చూసిన విషయాలు, వాటి విలువ తక్కువ కాదు.

తర్వాత కంట్రిబ్యూటర్లు. గుంటూరు అరండల్‌పేటలోనో, విజయవాడ గవర్నరుపేటలోనో ఇప్పటికీ పాత వీడియో జర్నలిస్టులు ఉన్నారు, వాళ్ల దగ్గర వీహెచ్ఎస్, మినీ డీవీ టేపులు అట్టపెట్టెల్లో ఉంటాయి. ఛానలు కోసం తీసిన టేపు హక్కు వ్యక్తిదా, ఛానలుదా అన్నది వారి మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ‘మాదేలే, వాడుకోండి’ అన్న నోటిమాట చాలదు. ఇద్దరి నుంచీ రాతపూర్వక అనుమతి తీసుకోండి. యూట్యూబులో కనిపించినంత మాత్రాన ఏదీ ఉచితం కాదు. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శకు, వర్తమాన వార్తలకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది గానీ, గంటన్నర సినిమాను ఆ వెసులుబాటు మీద నిలబెట్టడం ప్రమాదం.

అందరూ మరచిపోయేది మూడో చోటు, బాధితుల ఇల్లు. పెళ్లి వీడియోలు, బారసాల వీడియోలు, ఫోనులో మిగిలిన ముప్పై సెకన్ల క్లిప్పులు. చనిపోయిన మనిషి నవ్వడం, పిల్లలను కసరడం, వంటింట్లోంచి ఎవరినో పిలవడం చూసిన ప్రేక్షకుడికి ఆ మనిషి ఇక ‘మృతురాలు’ అన్న మాట కాదు. నేర డాక్యుమెంటరీల్లో నిందితుడికి గంటలకొద్దీ దృశ్యం, బాధితురాలికి ఒక్క పాస్‌పోర్టు ఫోటో దక్కే అన్యాయాన్ని సరిదిద్దేది ఈ వీడియోలే. వాటి కోసం మొదటి సందర్శనలోనే అడగకండి. రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు వాళ్లే పెట్టె తీస్తారు. తీయకపోతే అది వాళ్ల ఇష్టం.

నాలుగో అడుగు: కాపీ చేసుకోవడం

ఇది చిన్న పనే గానీ ఇక్కడ చేసిన తప్పు తర్వాత దిద్దుకోలేం. డీవీఆర్ మానిటరును ఫోనుతో తీసిన వీడియోను ఆధారంగా తీసుకోవద్దు. డీవీఆర్ సొంత ఫార్మాటులోనే ఎక్స్‌పోర్టు చేసుకుని, దాన్ని చూపే ప్లేయరును కూడా తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, ఎప్పుడు తీశారన్న సమాచారం పోతుంది, అందువల్ల డాక్యుమెంటుగా పంపమనండి లేదా మీరే పెన్ డ్రైవుతో వెళ్లండి. మినీ డీవీ టేపులో తేదీ, సమయం దృశ్యంతో పాటే నమోదై ఉంటాయి, ఫైర్‌వైర్ అనే డిజిటల్ కేబులు ద్వారా కంప్యూటరులోకి ఎక్కిస్తే అవి దక్కుతాయి, మామూలు వీడియో కేబులుతో ఎక్కిస్తే పోతాయి. బూజు పట్టిన టేపును వెంటనే ఆడించకుండా శుభ్రం చేసేవారికి ఇవ్వండి.

కాపీ కాగానే ప్రతి ఫైలుకూ షా-256 హ్యాష్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టించే వేలిముద్ర లాంటి కోడు) లెక్కించి, ఎవరి నుంచి, ఏ తేదీన, ఏ పరికరం నుంచి తీసుకున్నారో ఒక పుస్తకంలో రాయండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. మీ సినిమాకు ఆ పత్రం అక్కరలేదు గానీ, అది అడిగే క్రమశిక్షణ మాత్రం అవసరమే.

ఐదో అడుగు: గడియారాన్ని నమ్మకండి

తెర మూలన కనిపించే అంకెలు మనుషులను ఇట్టే నమ్మిస్తాయి. ఆ అంకెలు తప్పు కావడం చాలా మామూలు విషయం. ఇంటర్నెటుకు కలపని డీవీఆర్ గడియారం నెలల తరబడి కొద్దికొద్దిగా జరుగుతూ పోతుంది.

ఒక కేసులో మాకు ఒక కిరాణా కొట్టు ఫుటేజీ ముఖ్యమైంది. అందులో ఒక వ్యక్తి రాత్రి 9:52కు వీధిలో నడిచి వెళ్తున్నాడు. అతను తొమ్మిదిన్నరకే ఈ వీధి దాటానని చెప్పాడు కాబట్టి అబద్ధమాడాడని మా జట్టులో అందరూ తీర్మానించారు. అదే ఫుటేజీని ఆపకుండా ముందుకు నడిపితే 10:21కి 108 అంబులెన్సు వీధిలోకి మలుపు తిరిగింది. అంబులెన్సు అక్కడికి చేరిన సమయం తీర్పులో 10:04 అని ఉంది. డీవీఆర్ గడియారం పదిహేడు నిమిషాలు ముందుంది, అంటే అతను వీధి దాటింది 9:35కి. అతని మాట దాదాపు నిజం. మాకు ‘ముఖ్యమైన’ రెండు నిమిషాల ముక్కనే కొట్టు యజమాని ఇచ్చి ఉంటే, ఆ అంబులెన్సు మాకు కనిపించేదే కాదు, ఒక మనిషిని అబద్ధాలకోరుగా చూపి ఉండేవాళ్లం. అందుకే ఫుటేజీ అడిగేటప్పుడు ఘటనకు ముందు గంట, తర్వాత గంట కూడా అడగండి. ఈరోజు డీవీఆర్ పక్కన ఫోను పెట్టి తేడా కొలిచినా, ఘటన నాటి తేడా అదే అనుకోవద్దు. ఆ రాత్రిలోనే సమయం తెలిసిన ఏదో ఒక ఘటనను ఫుటేజీలో వెతకాలి.

స్థలాన్ని కూడా ఇలాగే రుజువు చేసుకోండి. గుంటూరు బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు అని రాసుకున్నది నిజానికి ఎనిమిదో అడ్డరోడ్డు అయితే, మనిషి నడిచిన దారి మొత్తం తిరగబడుతుంది. కరెంటు స్తంభం, గేటు ఆకారం, మెట్ల సంఖ్య వంటి మారని గుర్తులు కనీసం మూడు సరిపోలాలి. పగటి దృశ్యమైతే నీడ పడిన దిక్కు, దాని పొడవు సమయానికి సరిపోతున్నాయా చూడండి.

ఆరో అడుగు: కూర్పులో నిగ్రహం

దొరికిన దృశ్యాన్ని కూర్పు బల్ల మీద పాడుచేయడం చాలా తేలిక. అసలు ఫుటేజీ బలం దాని నిడివిలో ఉంటుంది. విచారణ గదిలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య పదకొండు సెకన్ల మౌనం ఉంటే ఆ పదకొండూ ఉంచండి. విసుగు పుడుతుందన్న భయంతో కత్తిరిస్తే మిగిలేది మాటలే, మనిషి పోతాడు. ఒక దృశ్యానికి ప్రతిస్పందనగా వేరే రోజు తీసిన ముఖాన్ని అతికించడం అబద్ధం చెప్పడంతో సమానం, ఒక్కసారి కూడా చేయకండి.

దృశ్యాన్ని నెమ్మదింపజేయడంలోనూ ప్రమాదం ఉంది. హింసాత్మక చర్యను స్లో మోషనులో చూసినవారు, మామూలు వేగంలో చూసినవారి కంటే ఎక్కువగా, అది ఉద్దేశపూర్వకమని నమ్మారని 2016లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. అసలు వేగంలో ఒకసారి చూపించిన తర్వాతే, తెరమీద చెప్పి, నెమ్మదిగా చూపండి. మసక దృశ్యాన్ని కృత్రిమ మేధతో స్పష్టం చేయాలన్న మోజు మరీ కొత్తది. ఆ సాఫ్ట్‌వేరు లేని వివరాలను ఊహించి పూరిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో ఒక హత్య కేసు విచారణలో అలా మెరుగుపరచిన వీడియోను న్యాయమూర్తి సాక్ష్యంగా అనుమతించలేదు. ముఖం మసకగా ఉంటే మసకగానే చూపండి. ఎవరో తెలియడం లేదని ప్రేక్షకుడికి తెలియడం కూడా నిజంలో భాగమే.

నేపథ్య సంగీతం విషయంలో నా అభిప్రాయం కఠినం. అసలు ఫుటేజీ నడుస్తున్నంతసేపు సంగీతం వద్దు. ఆ రికార్డింగులో ఫ్యాను చప్పుడు, దూరంగా ఆర్టీసీ బస్సు హారను, గుమిగూడిన వాళ్ల గుసగుసలు ఉంటాయి. వాటి మీద వయొలిన్ పోస్తే ఎవరిని అనుమానించాలో మీరే చెప్పేసినట్టు అవుతుంది. పునఃచిత్రణ, అంటే ఘటనను నటులతో మళ్లీ తీయడం, తప్పనిసరైతే అది తెరమీద ఉన్నంతసేపూ ‘పునఃచిత్రణ’ అన్న మాట మూలన ఉండాలి, ముఖాలు కనిపించకూడదు, సీసీ కెమెరా రూపంలో ఎన్నడూ తీయకూడదు.

ఏడో అడుగు: చట్టం, మర్యాద

లైంగిక నేరాల్లో బాధితురాలి పేరును, ఆమెను గుర్తుపట్టే వివరాన్ని ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. చనిపోయిన బాధితురాలికి కూడా ఈ రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో స్పష్టం చేసింది. అప్పట్లో పేపర్లన్నీ పేరు రాశాయి కదా అన్నది జవాబు కాదు. పాత క్లిప్పుల్లో కింద నడిచే అక్షరాల్లో, ఇంటి గోడమీద, కాలేజీ బోర్డుమీద కూడా ఆ వివరం ఉండవచ్చు, ఫ్రేము ఫ్రేమూ వెతికి మసకపరచండి. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇదే నియమం పెట్టాయి.

మృతదేహాన్ని చూపవద్దు. ఫుటేజీ ఎంత విరివిగా ఉన్నా, అందులో నలభై నిమిషాలు శవం చుట్టూనే ఉన్నా, వద్దు. గుంపులో నిలబడి యాదృచ్ఛికంగా రికార్డయినవారి ముఖాలు, వాహనాల నంబర్లు, తర్వాత నిర్దోషులుగా బయటపడినవారిని చేతికి బేడీలతో నడిపించిన దృశ్యాలు కూడా అంతే. చివరిదాన్ని వాడవలసి వస్తే, తీర్పు తేదీ అదే ఫ్రేములో ఉండాలి.

ఎనిమిదో అడుగు: విడుదలకు ముందు కుటుంబానికి చూపించడం

తుది కూర్పుకు రెండు వారాల ముందు బాధిత కుటుంబానికి చూపండి. థియేటరులో కాదు, వాళ్ల ఇంట్లో, వాళ్లకు వీలైన రోజున. ఏ నిమిషంలో ఏ దృశ్యం వస్తుందో ముందే కాగితం మీద రాసి చేతికివ్వండి, లేచి వెళ్లాలనుకున్నవారు వెళ్లగలగాలి. వాస్తవం తప్పని వారు చూపితే సరిదిద్దండి. మీ అంచనా నచ్చలేదంటే వినండి, నిర్ణయం మాత్రం మీదే అని మొదటి రోజే చెప్పి ఉండాలి. నేను ఒకసారి ఇలా చూపించినప్పుడు, ఒక తల్లి పదమూడో నిమిషంలో ఆపమని, తెరమీద కూతురు కట్టుకున్న పసుపు చీరను వేలితో చూపి, ఇది ఆ పండగది కాదమ్మా, అంతకు ముందేడాది సంక్రాంతిది అన్నారు. మేం వేసిన తేదీ తప్పు. ఆ సాయంత్రమే ఆ వరస మార్చి, పుస్తకంలో ఆ క్లిప్పు ఎదురుగా సరైన సంవత్సరం రాసుకున్నాం.